శవం దొరకని ఖూనీ
(యానాంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం పెట్టారో ఆ మాస్టారి గురించి చెప్పే అర్హత నాకంటే మీకే ఎక్కువ. ఆయన దగ్గర ఫ్రెంచి చదువుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. ఆయన పేరు ఆహ్వానపత్రిక మీద ఉంది, గోడ మీది పటం కింద ఉంది. ఆయన్ని పొగిడే పని వాళ్ళకి వదిలేసి నేను విషయంలోకి వెళ్తాను. నిర్వాహకులు సినిమాకీ ఫ్రెంచికీ ముడిపడ్డదేదైనా మాట్లాడమన్నారు. ఏ గొప్ప విజయం గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను తెచ్చింది మాత్రం మొదటి ఆటకే తిట్లు తిన్న సినిమా. అదీ ఖూనీ గురించిన హాస్యం.

1937 అక్టోబర్ 20న పారిస్‌లో, షాంజెలీజే వీధిలోని కొలీజే హాల్లో ‘ద్రోల్ ద ద్రామ్’ అనే చిత్రం విడుదలైంది. వింత నాటకం అనుకోండి. దర్శకుడు మార్సెల్ కార్నే. అప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళవాడు, ఇది అతని రెండో సినిమా. కథనం, మాటలు జాక్ ప్రెవేర్‌వి. తెర మీద మిషెల్ సిమోన్, లూయీ జూవే, ఫ్రాంస్వాజ్ రోజే, జాన్ లూయీ బారో. సంగీతం మొరీస్ జోబేర్, ఛాయాగ్రహణం యూజీన్ షుఫ్టాన్, సెట్లు అలెగ్జాండర్ ట్రౌనర్. ఇందులో ఏ ఒక్క పేరున్నా చాలు, సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఒక పేజీ కేటాయిస్తారు. అందరూ ఒకచోట చేరితే జనం ఈలలు వేశారు. ఈ మాట మీకు తప్పుగా వినపడవచ్చు. మన హాళ్ళలో ఈల పడిందంటే నిర్మాత ఇంట్లో పండగ. పారిస్‌లో ఈల వేయడమంటే ఇక దిగిపొమ్మనడం. కేకలు వేశారు, గోల చేశారు. సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు.

ఆ రోజు ఈ ఊరి మీద ఎగురుతున్నదీ అదే ఫ్రెంచి మూడు రంగుల జెండా. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ తూర్పు గోదావరి జిల్లా, నడుమ ఫ్రెంచివాళ్ళ యానాం. ఆ సినిమాలో కథ జరిగేది ఇంగ్లీషువాళ్ళ లండన్‌లో. ఫ్రెంచివాళ్ళు పారిస్ స్టూడియోలో అట్టలతో లండన్ కట్టి, ఇంగ్లీషువాళ్ళ మర్యాదల్నీ, మతగురువుల్నీ, పోలీసుల్నీ వెక్కిరించారు. యానాం వాళ్ళు కాకినాడ కలెక్టరు మీద ప్రహసనం వేస్తే ఎలా ఉంటుందో అలాంటి వ్యవహారం. తమాషా ఏమిటంటే మూలకథ ఇంగ్లీషువాళ్ళదే. స్టోరర్ క్లౌస్టన్ 1912లో రాసిన ‘హిజ్ ఫస్ట్ అఫెన్స్’ అనే నవల. ప్రెవేర్ దాని ఎముకలు ఉంచుకుని కండ మార్చేశాడు.

కథ కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే నా వాదన అంతా కథలోనే ఉంది. ఇర్విన్ మోలినో అనే మర్యాదస్తుడు మొక్కల శాస్త్రం చదువుకునే మనిషి. ఎవరికీ తెలియకుండా ఫెలిక్స్ షాపెల్ అనే మారుపేరుతో ఖూనీ నవలలు రాసి బతుకుతుంటాడు. ఆ నవలలు యువతను పాడుచేస్తున్నాయని సభలు పెట్టి తిట్టేవాడు బెడ్‌ఫర్డ్ బిషప్పు సోపర్, మోలినోకి వరసకి సోదరుడు. ఒకరోజు ఈ బిషప్పు భోజనానికి వస్తానంటాడు. సరిగ్గా అప్పుడే వంటవాళ్ళు పని మానేసి వెళ్ళిపోయారు. ఇంట్లో వంటవాళ్ళు లేరని తెలిస్తే పరువు పోతుంది. అంచేత ఇల్లాలు మార్గరెట్ స్వయంగా వంటింట్లో దూరి బాతుకూర వండుతుంది. తను వండుతున్నట్టు తెలిస్తే అదింకా పరువు తక్కువ. భర్త ఏం చేస్తాడు? ఆవిడ ఊరెళ్ళిందని అబద్ధమాడతాడు. ఆ అబద్ధం సరిగా అతకదు. బిషప్పు చూపు నిలబడిపోతుంది. భార్య కనబడదు, భర్త తడబడతాడు, వంటింట్లో పేరుకున్న పాలసీసాలు కూడా ఆయన కంటికి సాక్ష్యాల్లా కనబడతాయి. ఇంకేముంది, ఈ మనిషి పెళ్ళానికి విషం పెట్టి చంపేశాడని తేల్చుకుని పోలీసులకి కబురు పెడతాడు.

ఆ విందు దృశ్యం సినిమా చరిత్రలో నిలిచిపోయింది. బిషప్పు వేసిన జూవే, మోలినో వేసిన సిమోన్ ఇద్దరికీ బయట పడదు. తెర మీద ఎదురెదురుగా కూర్చుని ఒకే మాటను అటూ ఇటూ విసురుకుంటారు. ఇది వింతగా ఉందే అని ఒకరు, వింత అన్నానా అని మరొకరు. ఫ్రాన్సులో సినిమా చూడనివాళ్ళు కూడా ఆ ముక్క వల్లిస్తారు. బాతు మాంసం చల్లారిపోతుంటుంది. ఇద్దరి ముఖాల మీదా అనుమానం మాత్రం వేడెక్కుతుంటుంది. పోలీసులు వస్తున్నారని తెలిసి భార్యాభర్తలిద్దరూ నిజం చెప్పేయరు, పారిపోతారు. నిజం చెబితే వంటవాళ్ళు లేరన్న సంగతి బయటపడుతుంది కదా! ఉరికంబం కంటే పరువు బరువు. ఈ లెక్క గోదావరి జిల్లాల వాళ్ళకి నేను విడిగా వివరించనక్కర్లేదు.

అక్కణ్ణుంచి కథ గుర్రమెక్కుతుంది. ఒక పత్రిక ఈ మోలినో హత్య మీద రాయమని ఖూనీ నవలల ప్రసిద్ధ రచయిత ఫెలిక్స్ షాపెల్‌ని అడుగుతుంది. మోలినో గడ్డం అతికించుకుని, తన ఇంటికే, తను చేయని హత్య గురించి పరిశోధించడానికి వస్తాడు. బిషప్పు తనని ఇరుకున పెట్టగల ఒక కాగితం ఆ ఇంట్లో మర్చిపోయి, దాన్ని తెచ్చుకోవడానికి స్కాట్లండు మనిషి వేషంలో గళ్ళ లంగా కట్టుకుని దొంగతనంగా దూరతాడు. క్రాంప్స్ అని ఇంకొకడున్నాడు, జాన్ లూయీ బారో వేసిన పాత్ర. వీడు నిజమైన హంతకుడు. జంతువుల మీద ప్రేమ కొద్దీ కసాయివాళ్ళని చంపుతుంటాడు. జీవకారుణ్యం హద్దు మీరితే ఇదీ ఫలితం. వాడు మార్గరెట్‌ని ప్రేమిస్తాడు, ఆవిడ కోసం ఇంట్లోని కొలనులో బట్టల్లేకుండా స్నానం చేసి ప్రత్యక్షమవుతాడు. సినిమాలో అసలు హత్యలు చేసినవాడు ఇతనొక్కడే. అందరికంటే సౌమ్యంగా, కవిలా మాట్లాడేవాడూ ఇతనే. తక్కిన మర్యాదస్తులంతా హత్య చేయలేదు కానీ హత్య జరిగిందని నమ్మడానికి తహతహలాడుతుంటారు.

చివర్లో గుంపు ఇంటిమీదికి వస్తుంది. రాళ్ళు పడతాయి. మోలినోని ఉరి తీయాలి అంటారు. మోలినో అక్కడే, గడ్డంతో, వాళ్ళ మధ్యే ఉన్నాడు. క్రాంప్స్ ముందుకొచ్చి మోలినోని నేనే చంపానని ఒప్పుకుంటాడు. దాంతో అందరికీ శాంతి. హంతకుడు దొరికాడు, చచ్చినవాడు గడ్డంతో నిలబడి చూస్తున్నాడు. ఇక బతికినంతకాలం మోలినో తన సొంత పేరుకు తిరిగి రాలేడు. జనానికి శవం కావాలి కాబట్టి తన పేరునే శవం చేసి ఇచ్చుకున్నాడు.

మరి పారిస్ జనానికి కోపం ఎందుకొచ్చింది? చరిత్రకారులు కొన్ని కారణాలు చెబుతారు. పెద్ద హాలు, సంపన్నుల వీధి. పోలీసు కథ అనుకుని వచ్చినవాళ్ళకి కోతికొమ్మచ్చి చూపించారు. మతగురువుకి లంగా కట్టించడం కొందరికి మింగుడుపడలేదు. ప్రెవేర్ సోదరులకి ఇది కొత్తా కాదు. 1932లో పియేర్ ప్రెవేర్ తీసిన ‘లఫేర్ ఎ దాఁ ల సాక్’ అనే చిన్న సినిమాదీ ఇదే గతి. కాలం కూడా మంచిది కాదు. ఆ ఏడు పారిస్‌లో అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతోంది. జర్మనీ మందిరం, సోవియట్ మందిరం ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి గుడ్లురుముతున్నాయి. స్పెయిన్ మందిరంలో పికాసో ‘గెర్నికా’ వేలాడుతోంది. లియోన్ బ్లూమ్ ప్రభుత్వం జూన్‌లో పడిపోయింది. నవ్వే ఓపిక ఎవరికుందని అడగవచ్చు.

ఇవన్నీ నిజమే గానీ నాకు చాలవు. ఆ రోజుల్లో జనం హాస్య చిత్రాలకి వెళ్ళి నవ్వుతూనే ఉన్నారు. ఖూనీ కథలకీ లోటు లేదు. రెండూ వేర్వేరు పళ్ళేల్లో వడ్డిస్తే ఆబగా తిన్నారు. నా ఉద్దేశం ఇది: చావుని గేలి చేస్తే ప్రేక్షకుడికి అంత కోపం రాదు. తన అనుమానాన్ని గేలి చేస్తే వస్తుంది. ఖూనీ కథ చూడ్డానికి టిక్కెట్టు కొన్నవాడు బిషప్పులాంటివాడే. ఎవరో చచ్చి ఉండాలని, ఎవరో చంపి ఉండాలని కోరుకుంటూ కుర్చీలో కూర్చుంటాడు. కార్నే, ప్రెవేర్ ఆ కోరికనే తెర మీదికి ఎక్కించి, చివర్లో అతనికి శవం ఇవ్వకుండా పంపేశారు. తెర మీద గుంపు అరిచింది, కింద గుంపూ అరిచింది. ఇద్దరికీ ఒకటే డిమాండు.

దీనికి తోడు ఇంకో సాక్ష్యం ఉంది. అదే కొలీజే హాలు. 1939 జూలైలో జాన్ రెన్వార్ ‘ల రెగ్ల్ దు జో’ అక్కడే వచ్చింది. అదీ నవ్వుల సినిమాయే, అందులోనూ చివర ఒక హత్య. వేటల బంగళాలో ఒకణ్ణి కాల్చి చంపేస్తే, ఇంటి యజమాని మెట్ల మీద నిలబడి అది దురదృష్టకరమైన ప్రమాదమని అతిథులకి చెప్పి లోపలికి పంపిస్తాడు. జనం దాన్నీ భరించలేదు. రెన్వార్ కంగారుపడి ముక్కలు కోసేశాడు. మొదటి సినిమాలో లేని హత్యను పెద్దమనుషులు సృష్టిస్తారు. రెండో సినిమాలో ఉన్న హత్యను పెద్దమనుషులు మాయం చేస్తారు. రెండు సార్లూ ఆ వీధి పెద్దమనుషులు ఈలలు వేశారు.

చాప్లిన్ సంగతి వేరు, అది నా వాదనకి కొంచెం అడ్డం వస్తుంది. దాచకుండా చెబుతాను. ఫ్రాన్సులో లాండ్రూ అనే మనిషి పెళ్ళి పేరుతో ఆడవాళ్ళని రప్పించి, పది మంది స్త్రీలనీ ఒక కుర్రవాణ్ణీ చంపాడని రుజువైంది. 1922 ఫిబ్రవరిలో వెర్సాయిలో తల నరికారు. శవాలు మాత్రం దొరకలేదు, దొరికింది బూడిదలో ఎముక ముక్కలే. ఆర్సన్ వెల్స్ ఇచ్చిన ఆలోచనతో చాప్లిన్ 1947లో ఆ కథ మీద ‘మస్యూ వెర్దూ’ తీశాడు. న్యూయార్క్ విలేకరుల సమావేశంలో సినిమా గురించి కాకుండా నీ రాజకీయాలేమిటి, అమెరికా పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు అని నిలదీశారు. బహిష్కరణ పిలుపులొచ్చాయి. చివరికి అమెరికాలో సినిమాను వెనక్కి తీసుకున్నారు. 1964లో మళ్ళీ వేస్తే న్యూయార్క్‌లో జనం బాగా చూశారు. అంటే ఇక్కడ కోపం తెర మీది హంతకుడి మీద కాదు, తెర వెనక మనిషి మీద. హత్యాహాస్యాలు ఓడిపోయిన ప్రతిచోటా కారణం ఒకటే అని నేను అనను. కానీ ఈ మూడింటిలో ఒక్కదాన్ని కూడా జనం నవ్వురాలేదని తోసేయలేదు. మూడింటినీ కోపంతో తోసేశారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ‘ద్రోల్ ద ద్రామ్’ వచ్చేనాటికి తెలుగు టాకీకి ఆరేళ్ళు నిండలేదు. మన తెర మీద చంపేది కంసుడూ హిరణ్యకశిపుడూ. వాళ్ళని చంపేది దేవుడు. అక్కడ నవ్వడానికి సందేది? మరుసటి ఏడు, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’, హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’ వచ్చి సాంఘికాలకి దారి వేశాయి. కానీ సినిమాని పక్కనపెట్టి నాటకం వైపు చూస్తే, శవం లేని ఖూనీ మీద నవ్వడంలో తెలుగువాడు ఫ్రెంచివాడికంటే ముందున్నాడు.

గురజాడ ‘కన్యాశుల్కం’ గుర్తు చేసుకోండి. 1892లో విజయనగరంలో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, బాగా మార్చి పెంచిన రెండో కూర్పు 1909లో వచ్చింది. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మకుండా ఆపడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి ఆ ముసలాడికే పెళ్ళి చేస్తాడు. తర్వాత మాయగుంట మాయమవుతుంది. కుర్రాడు చీర విప్పి తన దారిన తను పోయాడు, అంతే. ఊరు ఊరుకుంటుందా? పెళ్ళికూతురు కనబడటం లేదు, ముసలాడు పిసినారి, తడబడుతున్నాడు. చంపేసి ఉంటాడు. ఖూనీ కేసు నడుస్తుంది. లుబ్ధావధాన్లు గజగజ వణుకుతాడు. పోలీసులు, వకీళ్ళు, అమ్ముడుపోయే సాక్షులు, ఎవరి లెక్కలు వాళ్ళవి. సౌజన్యారావు పంతులుకి అసలు సంగతి చెప్పి కేసు విప్పేది మధురవాణి. చచ్చినామె ఆమె కాదని, అతనని, అతను హాయిగా ఉన్నాడని.

మోలినో భార్యలాగే మాయగుంట కూడా బతికే ఉంది. తేడా ఎక్కడంటే, మోలినోకి నేరమంటూ లేదు, పరువుభయం తప్ప. లుబ్ధావధాన్లు ఆ ఖూనీ చేయలేదు గానీ, పసిపిల్లని కొనుక్కోవడమనే అసలు నేరం అతని మీద ఉంది. గురజాడ చేసింది మహా చిలిపి పని. అసలు నేరానికి చట్టంలో శిక్ష లేదు, అందుకని లేని నేరానికి కోర్టు మెట్లెక్కించాడు. దాని వెనక లెక్కలూ ఉన్నాయి. విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా విజయనగరం మహారాజు తీయిస్తే 1,034 తేలాయని మొదటి కూర్పు పీఠికలో రాశాడు. వెయ్యిమంది పిల్లలు పోయినా కదలని ఊరు, లేని పిల్ల ఒకతి పోయిందంటే ఠాణా దాకా వెళ్ళింది.

తెలుగు ప్రేక్షకుడు దీనికి ఈల వేసి దిగిపొమ్మనలేదు. ఎందుకు? నాకు తోచిన కారణం కొంచెం చేదుగా ఉంటుంది. గురజాడ ప్రేక్షకుడికి తప్పించుకునే సందు ఒకటి వదిలాడు: నవ్వు లుబ్ధావధాన్లు మీద. పిసినారిని చూసి నవ్వితే మన మీద ఏమీ పడదు. ప్రెవేర్ ఆ సందు మూసేశాడు. 1955లో పి. పుల్లయ్య ఆ నాటకాన్ని సినిమాగా తీస్తే మనకి గుర్తుండిపోయింది రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. ఖూనీ కేసులో ఊరు ఎంత ఆబగా సాక్ష్యం చెప్పిందో తలుచుకునేవాళ్ళు తక్కువ.

ఈ ఊళ్ళో నిలబడి ఈ నాటకం గురించి మాట్లాడుతూ ఒక సంగతి దాటవేయలేను. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకి పద్నాలుగు, మగవాడికి పద్దెనిమిది నిండాలన్నది బ్రిటిష్ ఇండియాలో. యానాం ఫ్రెంచి నేల. ఇంకేముంది, చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళివారు బళ్ళు కట్టుకుని ఇక్కడికి దిగారు. మీ తాతలు చూసిన పెళ్ళిళ్ళే అవి. కన్యాశుల్కం చూసి కడుపుబ్బ నవ్విన జిల్లాల వాళ్ళే చిన్నపిల్లల్ని చంకనేసుకుని యానాం పొలిమేర దాటారు. నవ్వు మనిషిని మారుస్తుందని నమ్మేవాళ్ళకి నేను ఈ ఊరి పాత పెళ్ళి పందిళ్ళని చూపిస్తాను.

మళ్ళీ పారిస్‌కి. 1951లో ‘ద్రోల్ ద ద్రామ్’ని తిరిగి విడుదల చేశారు. ఈసారి జనం పగలబడి నవ్వారు. అదే ప్రింటు, అవే మాటలు. కొంత కారణం సులువుగా తెలుస్తుంది: ఈ పద్నాలుగేళ్ళలో కార్నే, ప్రెవేర్ కలిసి ‘కే దె బ్రూమ్’, ‘ల జూర్ స లేవ్’, 1945లో ‘లెజాంఫాఁ ద్యు పరది’ తీశారు. ప్రెవేర్ కవితల పుస్తకం ‘పరోల్’ ఇంటింటా చేరింది. బారో మహానటుడని పేరు తెచ్చుకున్నాడు. పేరున్నవాళ్ళ పాత సినిమాని ప్రేమగా చూస్తారు. జూవే ఆ ఏడు ఆగస్టులోనే కన్నుమూశాడు. జోబేర్ అయితే ఏనాడో, 1940 జూన్‌లో యుద్ధంలో పోయాడు. ట్రౌనర్ యూదుడు కావడంతో ఆక్రమణ కాలంలో దాక్కుని సెట్లు గీశాడు.

సులువుగా తెలియని కారణం ఒకటి ఉందని నా నమ్మకం. ఇది నా ఊహ, ఎక్కడా రుజువు చేయలేను. జర్మన్లు ఫ్రాన్సుని ఆక్రమించిన నాలుగేళ్ళలో ఇరుగుపొరుగు మీద పోలీసులకి ఆకాశరామన్న ఉత్తరాలు గుట్టలుగా వెళ్ళాయి. పక్కింటివాడు ఎవర్నో దాచాడని, ఎదురింటావిడ రేడియో వింటోందని. అలాంటి ఉత్తరాల మీదే 1943లో క్లూజో ‘ల కోర్బో’ తీస్తే అతన్ని విముక్తి తర్వాత కొంతకాలం సినిమాలు తీయనివ్వలేదు. అలాంటి కాలం దాటి వచ్చినవాళ్ళు 1951లో హాల్లో కూర్చుని చూశారు. భోజనం పెట్టినవాడి మీద, వాడి బాతుకూర తింటూనే, అనుమానపడి పోలీసుల్ని పిలిచిన బిషప్పుని. 1937లో అది అతిశయోక్తి. 1951 నాటికి పక్కింటి కథ. ఈసారి వాళ్ళు బిషప్పుని చూసి నవ్వారంటే, ఆ బిషప్పు తాము కాదని చాటుకోవలసిన అవసరం ఉంది మరి.

మన సినిమాకి వస్తే, హత్యని నవ్వుగా చేయడం మనవాళ్ళకి చాతకాక కాదు. సింగీతం శ్రీనివాసరావు 1987లో ‘పుష్పక విమానం’ తీసి, మాటలే లేని సినిమాలో ఒక కిరాయి హంతకుణ్ణి పెట్టాడు. వాడి ఆయుధం మంచుకత్తి. పొడిచాక కరిగిపోతుంది, సాక్ష్యం ఉండదు. పాపం వాడి కత్తి పని అవకముందే కరిగిపోతుంటుంది. అందులోనే బిచ్చగాడొకడు చచ్చిపోతే జనం వాడి డబ్బు కోసం ఎగబడతారు. నవ్వుతూ నవ్వుతూ గొంతులో ఏదో అడ్డం పడే ఘట్టం అది. ఆ సినిమాని జనం ఆదరించారు, జాతీయ పురస్కారమూ వచ్చింది. ‘జానే భీ దో యారో’ హిందీ సినిమాయే గానీ, దాని విత్తనం హైదరాబాదులో పడింది. దర్శకుడు కుందన్ షా స్నేహితులు అక్కడ ఫోటో స్టూడియో పెట్టి పడిన అవస్థలే దానికి మొదలు. 1983లో విడుదలైనప్పుడు ఓ మోస్తరుగా ఆడి, తర్వాత దూరదర్శన్ పుణ్యాన ఇంటింటి సినిమా అయింది. శవానికి చీర కట్టి మహాభారత నాటకంలోకి నెట్టే ఆ చివరి ఘట్టం చూసి ఎవరూ చావుని అవమానించారని కేసు పెట్టలేదు. 2019లో ‘మత్తు వదలరా’లో అయిదు వందల నోటు కోసం చేసిన చిన్న మోసం శవాల దాకా పోతే కుర్రకారు విరగబడి నవ్వి, అయిదేళ్ళకి రెండో భాగం కూడా తీయించుకున్నారు.

కానీ ఒక తేడా గమనించండి. మన హత్యాహాస్యాల్లో చిక్కుల్లో పడేది ఉద్యోగం లేని కుర్రాడు, చిల్లర దొంగ, సరుకులు చేరవేసే అబ్బాయి, ఫోటోలు తీసుకునే బీదవాళ్ళు. డబ్బు లేనివాడు శవంతో పరుగులు పెడితే మనకి నవ్వొస్తుంది. అనుమానించే పెద్దమనిషిని, సాక్ష్యం చెప్పడానికి ముందే తీర్పు చెప్పేసే వీధిని, టీవీ ముందు కూర్చుని వేలు చూపించే మనల్ని నవ్వులపాలు చేసే పని గురజాడ తర్వాత ఎవరూ గట్టిగా పట్టుకోలేదు. నాకు తెలిసినంతలో అని ఒక మాట కలుపుతాను. వంశీ సినిమాల అభిమానులు ఇక్కడ చాలామంది ఉన్నారు, సభ అయ్యాక నాతో తగువు పడవచ్చు.

పక్క ఊళ్ళ ఖూనీ కేసుల మీద ఇప్పుడు రాత్రుళ్ళు గంటలకొద్దీ చర్చలు నడుస్తున్నాయి. భర్త ముఖంలో ఏడుపు చాలలేదని ఒకరు, భార్య పట్టుచీర కట్టుకుందని ఒకరు. బిషప్పు సోపర్ ఈ రోజుల్లో ఉంటే బెడ్‌ఫర్డ్ వదిలేసి ఏదో చానల్లో కుర్చీ వేయించుకునేవాడు. దానికి ఆట్టే వివరణ అక్కర్లేదు.

ఇంక నా మాటలు చాలు. నిర్వాహకులు విందు దృశ్యం ఒక్కటి చూపించడానికి ఏర్పాటు చేశారు, ఇంగ్లీషు ఉపశీర్షికలతో. మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళకి అవీ అక్కర్లేదు. జూవే ముక్కుతో పలికే ఆ ఫ్రెంచి వినండి, ఒక్కో అక్షరాన్నీ ఎలా నమిలి వదులుతాడో చూడండి. సిమోన్ ముఖంలో చెమట చూడండి. సినిమా మొత్తం చూసే అవకాశం వస్తే మాత్రం బిల్లీ అనే పాలబ్బాయి మీద కన్నేసి ఉంచండి. ఆ ఇంటి పనిపిల్ల ఈవాని చూడాలన్న సాకుతో అక్కర్లేని పాలసీసాలు తెచ్చి పడేస్తుంటాడు. మోలినో రాసే ఖూనీ కథలు మోలినో కల్పించినవి కావు. అవన్నీ ఈ కుర్రాడు ఆ పిల్లకి చెప్పినవి. ఆమె యజమానికి చెప్పింది, ఆయన రాసి డబ్బు చేసుకున్నాడు. లండన్‌ని వణికించిన ఖూనీలన్నీ ఒక పాలబ్బాయి ఒక అమ్మాయిని మెప్పించడానికి కట్టిన కథలు. పోలీసులు వాణ్ణి ఒక్క ప్రశ్నయినా అడుగుతారేమో చూడండి.